ముందే చెల్లించిన సొమ్ము: ఉద్యోగాన్వేషణలో ఉచిత సహాయం

విద్యా సంవత్సరం ముగిసే వేళకు ప్రతి కళాశాలలోనూ రెండు రకాల మాటలు వినవస్తాయి. మొదటిది వీడ్కోలు సభలోని మాట. "మీ భవిష్యత్తు ఉజ్జ్వలంగా ఉండాలి" అని పెద్దలు ఆశీర్వదిస్తారు. రెండవది సభ ముగిసిన పిమ్మట విద్యార్థులు ఒకరినొకరు అడిగే మాట. "తరువాత ఏమి చేస్తావు?" మొదటి మాటకు చప్పట్లు లభిస్తాయి. రెండవ మాటకు జవాబు లభించదు. పట్టా చేతికి వచ్చిన యువకునికి ఆ జవాబును వెదికి ఇచ్చే బాధ్యత ఎవరిది? ఈ ప్రశ్నను ఈ సంచిక ద్వారా విద్యార్థుల ముందు, కళాశాల కమిటీ పెద్దల ముందు ఉంచదలచినాము.

ఉద్యోగం కొరకు వెదికే మన యువకులు చేసే మొదటి పని ఎవరినో ఒకరిని నమ్మడం. పొరుగింటి వాని బావమరిది ఒక కార్యాలయంలో పని చేస్తాడు. ఆయనకు నజరానా ముట్టజెప్పాలి. పట్టణంలో ఒక శిక్షణ సంస్థ ఉన్నది. అందులో రుసుము కట్టాలి. గల్ఫు దేశాలకు పంపించే ఏజెంటు ఉన్నాడు. అమ్మ గాజులు కుదువ పెట్టి ఆయనకు ఇవ్వాలి. చివరకు దరఖాస్తు నింపడానికి కూడ ఇంటర్నెట్ సెంటరు వానికి డబ్బు ఇవ్వాలి. ఇట్లు సంపాదన ఆరంభం కాకముందే అప్పు ఆరంభమవుతున్నది. విచారకరమైన విషయమేమంటే, ఈ ఖర్చులో పెద్ద భాగం అనవసరమైనది. సమాచారం, పుస్తకం, శిక్షణ, సలహా, చివరకు భోజన వసతితో కూడిన తర్ఫీదు సైతం ఈ దేశంలో, ఈ రాష్ట్రాలలో, ఒక్క పైసా పుచ్చుకోకుండా లభించే ఏర్పాట్లు ఉన్నవి. ఉన్నవని తెలియదు. తెలిసిన కొందరికి వెళ్ళడానికి మనసు ఒప్పదు.

మనసు ఒప్పకపోవడానికి మూలం "ఉచితం" అనే మాటలోనే ఉన్నదని మా అభిప్రాయం. ఉర్దూలో "ముఫ్త్" అన్నా, తెలుగులో "ఊరక" అన్నా, మన చెవికి అందులో రెండు అర్థాలు వినిపిస్తాయి. ఒకటి, అది విలువ లేనిది. రెండు, అది దానం. చేయి చాచి పుచ్చుకోవలసినది. ఈ రెండు అర్థాలూ పొరపాటే. ఒక ఉదాహరణ చూడండి. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్ను కట్టే ప్రతివారూ ఆ పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సుంకం చెల్లిస్తూ వచ్చినారు. జిల్లా కేంద్ర గ్రంథాలయంలోని కుర్చీ, దాని మీది విద్యుద్దీపం, అలమారాలోని పోటీ పరీక్షల పుస్తకం ఆ పైసలతో వచ్చినవి. మీ తండ్రి గాని, మీరు అద్దెకు ఉన్న ఇంటి యజమాని గాని ఆ సుంకం కట్టియే ఉన్నాడు. అనగా మీరు గ్రంథాలయంలో కూర్చున్నప్పుడు దానం పుచ్చుకోవడం లేదు. ఇదివరకే చెల్లించిన సొమ్మును తిరిగి రాబట్టుకుంటున్నారు. ప్రభుత్వ శిక్షణ కేంద్రాలకూ, ఉపాధి కార్యాలయాలకూ ఇదే న్యాయం వర్తిస్తుంది. కనుక "ఉచితం" అన్న మాటను "ముందే చెల్లించినది" అని అర్థం చేసుకోవలెను.

హైదరాబాదు నగర చరిత్రను చూసినా ఈ విషయం తెలుస్తుంది. 1891లో ఆసఫియా గ్రంథాలయం వెలసినది. పది సంవత్సరాల తరువాత, 1901లో, శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం వెలసినది. మొదటిది అరబ్బీ, ఫారసీ, ఉర్దూ గ్రంథాలకు పేరుగాంచినది. రెండవది తెలుగు గ్రంథాలకు. రెండు భాషల వారూ ఒకే కాలంలో ఒకే విషయం గుర్తించినారు: పుస్తకం కొనుక్కోలేని వాని చేతికి కూడ పుస్తకం చేరవలెను. ఆసఫియా నేడు అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డున రాష్ట్ర కేంద్ర గ్రంథాలయంగా కొనసాగుతున్నది. చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయం పోటీ పరీక్షలకు చదివే నిరుద్యోగ యువకుల నెలవుగా పేరు పొందినది. జిల్లాల నుండి వచ్చి, చిన్న గదులలో తల దాచుకొని, పగలంతా అక్కడ చదివి ఉద్యోగాలు సంపాదించిన వారు ఎందరో ఉన్నారు. వారికి లేని సంపద మనకు అవసరం లేదు. వారికి ఉన్న పట్టుదల మాత్రం అవసరం.

ఇక ఉపాధి కార్యాలయాల సంగతి. వీని పుట్టుక రెండవ ప్రపంచ యుద్ధంతో ముడిపడి ఉన్నది. యుద్ధం ముగిసి సైన్యం నుండి విడుదలైన సిపాయిలకు పౌర జీవితంలో పని చూపించడం కొరకు 1945లో భారత ప్రభుత్వం ఒక ప్రత్యేక శాఖను నెలకొల్పినది. 1948లో ఈ కార్యాలయాల తలుపులు ఉద్యోగం వెదికే అందరికీ తెరవబడినవి. 1956 నవంబరు 1న, అనగా ఆంధ్రప్రదేశ్ అవతరించిన దినాననే, వీని దైనందిన నిర్వహణ రాష్ట్ర ప్రభుత్వాలకు అప్పగించబడినది. 1959 నాటి చట్టం ప్రభుత్వ సంస్థలూ, పాతికమందికి తక్కువ కాకుండ పనివారు గల ప్రైవేటు సంస్థలూ తమ ఖాళీలను ఈ కార్యాలయాలకు తెలియజేయవలెనని నిర్దేశించినది. అయితే ఆ చట్టం ఖాళీని తెలుపమన్నదే గాని, ఆ కార్యాలయం పంపిన వానినే తీసుకోవలెనని చెప్పలేదు. ఈ తేడా తెలియక ఒక తరం వారు పేరు నమోదు చేసుకొని, కార్డు పెట్టెలో దాచుకొని, పిలుపు కొరకు ఎదురు చూచినారు. 1996లో కృష్ణా జిల్లా నుండి వెళ్ళిన ఒక వ్యాజ్యంలో సుప్రీంకోర్టు, ఉపాధి కార్యాలయం నుండి పేర్లు తెప్పించుకోవడంతో పాటు పత్రికలలో కూడ ప్రకటన ఇచ్చి, దరఖాస్తు చేసిన వారినందరినీ పరిశీలించవలెనని చెప్పినది. 2025 నవంబరు 21 నుండి ఆ పాత చట్టం స్థానంలో సామాజిక భద్రతా స్మృతి అమలులోకి వచ్చినది. అందులో ఈ కార్యాలయాలకు "కెరీర్ సెంటరు" అనే పేరు వచ్చినది. పేరు మారినా పాఠం ఒక్కటే: నమోదు అవసరమే, కాని నమోదు చేసి ఇంట్లో కూర్చుంటే చాలదు. ఆ కార్యాలయంలో ఏ వృత్తికి ఏ చదువు కావలెనో చెప్పే మార్గదర్శనం కూడ ఉచితంగానే లభిస్తుంది. దాని కొరకు వెళ్ళేవారు మాత్రం మిక్కిలి అరుదు. ఉస్మానియా వంటి విశ్వవిద్యాలయాలలో ఇదే పని కొరకు ప్రత్యేకంగా ఉపాధి సమాచార, మార్గదర్శక కేంద్రాలు నెలకొల్పబడినవి.

2015 జూలైలో కేంద్ర ప్రభుత్వం "నేషనల్ కెరీర్ సర్వీస్" అనే ఏర్పాటును ప్రారంభించినది. మన చేతిలోని ఫోను ద్వారానే అందులో పేరు నమోదు చేసుకొని, దేశంలోని ఖాళీలనూ, ఉద్యోగ మేళాల తేదీలనూ చూడవచ్చును. రుసుము లేదు. దినమంతా ఆ ఫోనులోనే సినిమా దృశ్యాలు చూసే మనకు ఈ పనికి అరగంట చాలు.

ఉర్దూ చదివిన విద్యార్థులు గమనింపదగిన విషయం మరొకటి ఉన్నది. కేంద్ర ప్రభుత్వ ప్రచురణల విభాగం 1976 నుండి వెలువరిస్తున్న "ఎంప్లాయ్‌మెంట్ న్యూస్" వారపత్రిక ఆంగ్లంలో, హిందీలో, ఉర్దూలో వస్తున్నది. "రోజ్‌గార్ సమాచార్" అనే పేరుతో ఉర్దూ లిపిలో అచ్చయ్యే ఆ పత్రిక తెలుగులో రాదు. ఉర్దూ చదివితే ఉద్యోగం రాదని నిరాశపడే మన పిల్లలకు, దేశంలోని ఉద్యోగ ప్రకటనల పత్రిక తమ మాతృభాషలో వారం వారం వస్తున్నదని తెలియకపోవడం ఎంత విచిత్రం! తెలుగు మాధ్యమంలో చదివే మిత్రునికి దానిని చదివి వినిపించే అవకాశం వారికి ఉన్నది. అట్లే తెలుగు దినపత్రికలలో వచ్చే రాష్ట్ర నియామక ప్రకటనలను ఉర్దూ మాధ్యమం మిత్రునికి వివరించే అవకాశం తెలుగు విద్యార్థికి ఉన్నది. ఒకే కళాశాలలో రెండు భాషలు ఉండడం బరువని కొందరు అంటారు. ఈ విషయంలో మాత్రం అది రెండు కళ్ళు ఉండడం వంటిది.

అల్పసంఖ్యాక విద్యార్థులకు ప్రత్యేకించిన ఏర్పాట్లు కూడ కలవు. హైదరాబాదు నిజాం కళాశాల ఆవరణలోని అల్పసంఖ్యాకుల విద్యాభివృద్ధి కేంద్రం, తెలంగాణ మైనారిటీస్ స్టడీ సర్కిల్, ప్రవేశ పరీక్షలకూ, ఉద్యోగ పరీక్షలకూ ఉచిత శిక్షణ ఇచ్చే సంస్థలు. ఇంటి నుండి కదలలేని బాలికలకు తెలంగాణలో "టి-శాట్ నిపుణ" ప్రసారాలు ఉన్నవి. పోటీ పరీక్షల పాఠాలను టెలివిజన్‌లోనూ, ఫోనులోనూ చూడవచ్చును. మరొక హెచ్చరిక కూడ చేయవలసి ఉన్నది. ఈ పథకాల పేర్లు తరచుగా మారుతుంటాయి. 2013లో అల్పసంఖ్యాక యువకుల వృత్తి శిక్షణకు వచ్చిన "సీఖో ఔర్ కమావో" తరువాతి కాలంలో "పీఎం వికాస్" అనే పథకంలో కలిసిపోయినది. నిరుటి పేరు పట్టుకొని ఈ సంవత్సరం వెళ్ళిన వానికి "అట్టిది లేదు" అనే జవాబు వస్తుంది. అతడు నిరాశతో తిరిగి వస్తాడు. కనుకనే సమాచారాన్ని ఎప్పటికప్పుడు సరిచూచి చెప్పే మనిషి కావలెను. ఈ విషయానికి మళ్ళీ వస్తాము.

పరీక్షలు రాసి ప్రభుత్వోద్యోగం సంపాదించడం అందరికీ సాధ్యం కాదు. అందరికీ అవసరమూ కాదు. చేతి పని నేర్చి నిలబడదలచిన వారి కొరకు ఉన్న ఏర్పాట్లు మరింత ఉపయోగకరమైనవని మేము భావిస్తున్నాము. 1982లో కర్ణాటకలోని ధర్మస్థల సమీపాన ఉజిరెలో ఒక ధార్మిక సంస్థ, రెండు బ్యాంకులు కలిసి గ్రామీణ యువకులకు స్వయం ఉపాధి శిక్షణ సంస్థను నెలకొల్పినవి. ఆ నమూనా ఫలించినందున దేశంలో జిల్లాకొకటి చొప్పున బ్యాంకుల ఆధ్వర్యంలో ఇట్టి సంస్థలు ఏర్పడినవి. కుట్టుపని, సెల్‌ఫోను మరమ్మతు, మోటారు సైకిలు మరమ్మతు, పాడి పరిశ్రమ వంటి పనులలో కొద్ది వారాల శిక్షణ ఇస్తారు. శిక్షణకు రుసుము లేదు. భోజనం, వసతి కూడ ఉచితమే. అంతకంటె ముఖ్యమైనది, శిక్షణ ముగిసిన తరువాత రెండు సంవత్సరాల పాటు ఆ అభ్యర్థి ఏమి చేస్తున్నాడో విచారించి, బ్యాంకు ఋణానికి దారి చూపడం కూడ ఆ సంస్థ బాధ్యత. 2014లో ప్రారంభమైన దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన గ్రామాల పేద యువతకు శిక్షణ ఇచ్చి ఉద్యోగం చూపే పథకం; అల్పసంఖ్యాకులకు 15 శాతం కేటాయింపు దాని నిబంధనలలోనే ఉంచినారు. భూదాన్ పోచంపల్లి సమీపాన జలాల్‌పూర్‌లోని స్వామి రామానంద తీర్థ గ్రామీణ సంస్థ గ్రామీణ యువతకు వసతితో కూడిన వృత్తి శిక్షణ ఇవ్వడంలో పేరు గడించినది. 1961 నాటి అప్రెంటిస్ చట్టం ప్రకారం కర్మాగారాలలో, సంస్థలలో పని నేర్చుకునే వారికి ఎదురు భృతి ఇస్తారు. పని నేర్పుతామని మన వద్ద డబ్బు అడిగే వానికీ, పని నేర్పుతూ మనకే డబ్బు ఇచ్చే ఏర్పాటుకూ గల భేదం గమనించండి.

ఉన్న వృత్తి విడిచి మరొక వృత్తికి మారదలచిన వారి సమస్య వేరు. మన విద్యార్థుల అన్నలు, తండ్రులు, గల్ఫు నుండి తిరిగి వచ్చిన మేనమామలు ఈ కోవలోని వారు. 2006లో సమర్పించబడిన సచార్ కమిటీ నివేదిక ముస్లిములలో స్వయం ఉపాధి మీద ఆధారపడిన వారు ఎక్కువని, క్రమబద్ధమైన జీతపు ఉద్యోగాలలో వారు తక్కువని తేల్చినది, ఐ.ఎ.ఎస్.లో ముస్లిములు 3 శాతం మాత్రమేనని అదే నివేదిక తెలిపినది. మెకానిక్కులు, దర్జీలు, ఎలక్ట్రీషియన్లు, వడ్రంగులు మన బస్తీలలో ఎందరు! వారి చేతిలో పని ఉన్నది, కాగితం లేదు. ఇరువది సంవత్సరాలు ఇంజన్లు విప్పి బిగించిన ఉస్తాదు, నిన్న పట్టా పుచ్చుకున్న కుర్రవాని ముందు "చదువు లేనివాడు" అనిపించుకుంటాడు. ఇట్టి వారి కొరకే కేంద్ర ప్రభుత్వ కౌశల్ వికాస్ యోజనలో పూర్వ నైపుణ్యాన్ని గుర్తించే పద్ధతి ఒకటి పెట్టినారు. పని తెలిసిన వానిని పరీక్షించి, ధ్రువపత్రం ఇస్తారు. ఆ కాగితంతో గ్యారేజి నుండి కర్మాగారానికి, ఇంటి కుట్టుమిషను నుండి దుస్తుల సంస్థకు మారే దారి కొంత సుగమం అవుతుంది. కళాశాల విద్యార్థి తన తండ్రికి ఈ ఒక్క సంగతి చెప్పి, వెంట తీసుకొని వెళ్ళగలిగితే, అతని చదువు అప్పుడే కొంత ఫలించినట్లు మేము తలుస్తాము.

గల్ఫు ప్రయాణం గురించి చెప్పకుండ ఈ వ్యాసం ముగించలేము. కరీంనగర్, నిజామాబాదు, కడప, గోదావరి జిల్లాల నుండి దశాబ్దాలుగా మనవారు ఎడారి దేశాలకు వెళుతున్నారు. వారిలో మోసపోయిన వారి కథలు ప్రతి వాడలోనూ ఉన్నవి. 1983 నాటి ప్రవాస చట్టం ప్రకారం విదేశాలకు పనివారిని పంపే ఏజెంటు కేంద్ర ప్రభుత్వం వద్ద నమోదు కావలెను. అభ్యర్థి నుండి పుచ్చుకోదగిన సేవా రుసుముకు 30,000 రూపాయలు, దాని మీది పన్ను అని హద్దు పెట్టినారు. ఏజెంటు నమోదు అయినవాడా కాదా అని "ఈ-మైగ్రేట్" జాబితాలో చూసుకోవడానికి ఒక్క పైసా ఖర్చు లేదు. తెలంగాణలో టామ్‌కామ్ అనే ప్రభుత్వ సంస్థ కూడ విదేశీ ఉద్యోగాల పని చూస్తుంది. లక్షలు అప్పు చేసే ముందు పది నిమిషాల విచారణ చేయని కుటుంబాలను చూసి మేము బాధపడుతున్నాము. పదవ తరగతి ఉత్తీర్ణుడైన వానికి పాస్‌పోర్టు విషయంలో ప్రవాస తనిఖీ ఉండదన్న సంగతి తెలిసి ఉంటే, బడి మాని వెళ్ళిన కుర్రవారు కొందరైనా ఆ ఒక్క పరీక్ష పూర్తి చేసి ఉండేవారు.

ఇన్ని ఉండి కూడ ఎందుకు అందడం లేదు? మేము గమనించినంతలో కారణాలు మూడు. తెలియకపోవడం మొదటిది, భాష రెండవది, సిగ్గు మూడవది. మొదటి రెండింటికి మందు సులభం. మూడవది మొండి రోగం. "డిగ్రీ చదివిన మా అబ్బాయి ఉచిత శిక్షణకు పోయి పంక్తిలో కూర్చుంటాడా?" అని ఇంటివారి ఇజ్జత్ అడ్డు వస్తుంది. అదే ఇజ్జత్ వడ్డీ వ్యాపారి గుమ్మం ముందు నిలబడినప్పుడు అడ్డు రాకపోవడం విచిత్రం. "పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు" అనే సామెత మన పట్ల అక్షరాలా నిజమైనది. అదే పాఠం, అదే పుస్తకం, వేల రూపాయలు కట్టి నగరంలో చదివితే గొప్ప; వీధి చివర గ్రంథాలయంలో చదివితే లోకువ.

మా మాటకు ఆక్షేపణలు చెప్పేవారు ఉన్నారు. ఉచిత కేంద్రాలలో కొన్ని నామమాత్రంగా నడుస్తున్నవని వారు అంటారు. నిజమే, కొన్ని చోట్ల పాఠం చెప్పేవారు రారు, కొన్ని చోట్ల యంత్రాలు పని చేయవు. కాని వెళ్ళి చూచి, అడిగి, ఫిర్యాదు చేసేవారు ఉన్న చోటనే అవి బాగుపడతాయి. ఎవరూ వెళ్ళని కేంద్రం ఎన్నటికీ బాగుపడదు. సిఫారసు లేనిదే ఉద్యోగం రాదని మరికొందరు అంటారు. ఈ మాట అన్ని చోట్లా అబద్ధమని మేము చెప్పము. అయితే కేంద్ర ప్రభుత్వం 2016 జనవరి 1 నుండి కింది తరగతుల ఉద్యోగాలకు ఇంటర్వ్యూలను తొలగించినది. తెలంగాణ ప్రభుత్వం 2022లో గ్రూప్-1, గ్రూప్-2 ఉద్యోగాలకు సైతం ఇంటర్వ్యూ తీసివేసినది. కేవలం రాత పరీక్ష మార్కులతో ఎంపిక జరిగే చోట సిఫారసుకు మిగిలిన చోటు ఎంత? దరఖాస్తే పెట్టని వాడు సిఫారసును నిందించడం న్యాయం కాదు. సమాచారం తెలిసినంత మాత్రాన ఉద్యోగాలు పుడతాయా అని మూడవ ఆక్షేపణ. పుట్టవు. ఖాళీలు పెంచడం ప్రభుత్వాల పని, పరిశ్రమల పని. కాని ఉన్న ఖాళీ సంగతి తెలియక ఒక పేద విద్యార్థి వెనుకబడితే, ఆ పాపం లోకంలోని నిరుద్యోగానిది కాదు. తెలిసి చెప్పని మనది.

ఇస్లామీయ సంప్రదాయంలో ఒక ప్రసిద్ధ వృత్తాంతం ఉన్నది. అన్సార్లలోని ఒక పేదవాడు సహాయం కోరి దైవప్రవక్త వద్దకు వచ్చినాడు. నీ ఇంట ఏమి ఉన్నదని ఆయన అడిగినారు. ఒక ముతక గుడ్డ, నీళ్ళు త్రాగే పాత్ర ఉన్నవని అతడు చెప్పినాడు. వానిని తెప్పించి, ప్రవక్త స్వయంగా వేలం వేసి రెండు దిర్హములకు అమ్మినారు. ఒక దిర్హముతో ఇంటికి ఆహారం, రెండవ దానితో గొడ్డలి కొనుమన్నారు. ఆ గొడ్డలికి తమ చేతులతో కర్ర బిగించి ఇచ్చి, కట్టెలు కొట్టి అమ్ముకొమ్మని, పదిహేను దినాల వరకు కనిపించవద్దని చెప్పినారు. పదిహేను దినాల తరువాత అతడు పది దిర్హములు సంపాదించి తిరిగి వచ్చినాడు. ఈ వృత్తాంతాన్ని బిచ్చమెత్తరాదు అనే నీతి కొరకే మన ఉపన్యాసకులు వాడుతుంటారు. మాకు ఇందులో మరొక సంగతి కూడ కనిపిస్తున్నది. ఆ మనిషికి అందిన సహాయం అతని ఇంటిలోని సొత్తు నుండే వచ్చినది. దానిని పనిముట్టుగా మార్చే దారి మాత్రం అతనికి తెలియలేదు. ఆ దారి చూపించినారు, కర్ర బిగించినారు, తిరిగి వచ్చే గడువు చెప్పినారు. దారి చూపడం, పనిముట్టు అమర్చడం, గడువు పెట్టి విచారించడం, ఈ మూడూ కలిసినదే నిజమైన సహాయం.

కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి ఈ మూడింటి మీదనే ఆధారపడి ఉన్నది. మేము పెద్ద భవనం అడగడం లేదు. గ్రంథాలయంలో ఒక మూల, ఒక అలమారా, ఒక బల్ల ఇప్పించండి. ఉర్దూ, ఆంగ్ల "ఎంప్లాయ్‌మెంట్ న్యూస్" పత్రికలకు చందా కట్టండి. తెలుగు, ఉర్దూ, ఆంగ్లం మూడింటిలోనూ రాసే ఒక నోటీసు బోర్డు వరండాలో పెట్టించండి. ఒక అధ్యాపకునికి వారానికి రెండు గంటల బోధన తగ్గించి, ఆ సమయాన్ని ఈ పనికి కేటాయించండి. ఆయన పని పథకాల పేర్లు మారినప్పుడు సరిచూచి రాయడం, దరఖాస్తు నింపడంలో సహాయపడడం, వచ్చిన ప్రతి విద్యార్థి పేరు ఒక పుస్తకంలో రాసి, పదిహేను దినాల తరువాత పిలిచి "ఏమి చేసినావు?" అని అడగడం. ఈ చివరి ప్రశ్న లేకపోతే మిగిలినదంతా గోడ మీది కాగితంగా మిగిలిపోతుంది. ఆదివారం ఒక పూట ఈ మూలను పాత విద్యార్థులకూ, విద్యార్థుల తల్లిదండ్రులకూ, మధ్యలో చదువు మానిన బస్తీ బాలికలకూ తెరచి ఉంచవలెనని కూడ కోరుతున్నాము. ఈ మొత్తానికి అయ్యే ఖర్చు వార్షికోత్సవం నాటి షామియానా, మైకు, పూలదండల ఖర్చును మించదు. షామియానా ఒక్క సాయంత్రం నీడ ఇస్తుంది.

విద్యార్థులకు మా మాట క్లుప్తమైనది. ఒక గుర్తు మరచిపోకండి: ఉద్యోగం ఇప్పిస్తానని ముందుగా డబ్బు అడిగేవాడు ఎంత తీయగా మాటలాడినా అనుమానించదగినవాడే. రెండవ గుర్తు: అడగనిదే అమ్మయినా పెట్టదు. సెలవులలో ఒక దినం మీ జిల్లా కేంద్ర గ్రంథాలయానికి, మరొక దినం ఉపాధి కార్యాలయానికి, ఇంకొక దినం బ్యాంకు వారి శిక్షణ సంస్థకు వెళ్ళి రండి. బస్సు చార్జీ తప్ప ఖర్చు లేదు. అక్కడ చూచినది వచ్చి మీ తోటివారికి చెప్పండి. ఉర్దూలో విన్నది తెలుగులో, తెలుగులో విన్నది ఉర్దూలో చెప్పండి. మన ఈ సంచిక ఒక వైపు నుండి తెరిస్తే ఉర్దూ, మరొక వైపు నుండి తెరిస్తే తెలుగు. రెండు వైపుల వారికీ కావలసిన అన్నం మాత్రం ఒక్కటే.

మన తండ్రులు పన్నులలో పైసలుగా, సుంకాలలో రూపాయలుగా కట్టిన సొమ్ము గ్రంథాలయాలలో, శిక్షణాలయాలలో, కార్యాలయాలలో మన పేరిట నిలువ ఉన్నది. దానిని విడిచిపెట్టి అప్పుల వాని వద్దకు పోవడం వివేకం కాదు. వచ్చే విద్యా సంవత్సరం ఆరంభంలోనే ఆ అలమారా, ఆ బల్ల, ఆ బోర్డు మన గ్రంథాలయంలో కనిపించవలెను. ఆ బల్ల ముందు కూర్చోవడానికి అధ్యాపకులలో కొందరం ఇప్పుడే సిద్ధంగా ఉన్నాము. కమిటీ వారి ఆజ్ఞ కొరకు ఎదురు చూస్తున్నాము.